చిట్టి బస్సెక్కిందా?

"లేనిదాని గురించి ఇరవై ఏళ్లుగా ఊరూరా తిరిగి మాట్లాడుతున్నావు. ఒక్కసారి ఉన్నదాని గురించి మాట్లాడవయ్యా" అంది డాక్టర్ సుభద్ర.

లేనిది దేవుడు. ఉన్నది పిల్లలకు వచ్చే క్యాన్సర్. సుభద్ర బెజవాడలో పిల్లల డాక్టరు. కాలేజీ రోజుల్లో వక్తృత్వ పోటీల్లో నాతో పాటు మాట్లాడి, ప్రతిసారీ మొదటి బహుమతి పట్టుకుపోయిన మనిషి. ఆమెతో నేను వాదించను. వాదించి గెలిచిన రోజు ఒక్కటీ లేదు.

సంగతి ఇది. నెల కిందట జగ్గయ్యపేట నుంచి చిట్టి అనే అయిదేళ్ల పిల్లను ఆమె దగ్గరకు తీసుకొచ్చారు. తగ్గని జ్వరం, పాలిపోయిన మొహం, దెబ్బ తగలకుండానే ఒంటిమీద నీలంగా కమిలిన మచ్చలు. పరీక్ష చేస్తే రక్త క్యాన్సర్ అని తేలింది. హైదరాబాదు పెద్దాసుపత్రిలో ఈ జబ్బు చూసే డాక్టరుకు సుభద్ర ఫోను చేసి ఒక మంచం ఏర్పాటు చేసింది. గురువారం పొద్దున పిల్ల అక్కడ ఉండాలి. లేకపోతే మంచం ఇంకొకరికి ఇస్తారు, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేరు. ఆ తల్లికి సుభద్ర రెండు కార్డులు రాసింది. జవాబు లేదు.

"మందు ఉందా అసలు?" అని అడిగాను.

"ఉంది. నయం కావచ్చు, కాకపోవచ్చు. ఇంట్లో కూర్చోబెడితే ఆ 'కావచ్చు' కూడా ఉండదు."

కాబట్టి నా కార్యక్రమం ఇలా తయారయింది. మంగళవారం ఉదయం నందిగామలో సభ. సాయంత్రం జగ్గయ్యపేటలో సభ. బుధవారం మధ్యాహ్నం చిట్టిని హైదరాబాదు బస్సు ఎక్కించడం. సుభద్ర ఒక కాగితం మీద జాగ్రత్తలన్నీ రాసి నా జేబులో పెట్టింది. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి కేకేసింది: "ఎవరినీ తిట్టకు. జబ్బు గుర్తులు చెప్పు, చాలు."

ఆమె ఇచ్చిన ఇంకో వస్తువు గుడ్డ మీద వేయించిన పెద్ద బొమ్మ. జబ్బు పిల్లవాడి బొమ్మ వేసి, ఏ భాగంలో ఏ గుర్తు కనిపిస్తుందో రాయించాలని ఆమె ఉద్దేశం. వేసినవాడు సినిమా పోస్టర్లు వేసే ఆర్టిస్టు. పిల్లవాడికి గులాబి బుగ్గలు, పొడుగాటి కనురెప్పలు, ఎర్రటి పెదవులు పెట్టాడు. ఆ చుట్టుపక్కల అంత ఆరోగ్యంగా ఉన్న పిల్లవాడు దొరకడు.

నా గురించి ఒక మాట చెప్పాలి, ముందుముందు పనికొస్తుంది. రుజువు లేని దేన్నీ నమ్మనని నేను వేదికల మీద చెబుతాను. అది పూర్తిగా నిజం కాదు. నా జుట్టును నేను నమ్ముతాను. యాభై దాటినా ఒత్తుగా, అలలు అలలుగా ఉంటుంది. వాదం పతాక స్థాయికి వచ్చినప్పుడు తల ఒక్కసారి వెనక్కి విసిరితే జుట్టు నుదుటిమీద నుంచి ఎగిరి మళ్లీ తన చోట పడుతుంది. సభ సగం అక్కడే గెలుస్తాను. ఆ జుట్టుకు నేను వాడే నూనె పనిచేస్తుందనడానికి సీసా మీద బొమ్మ తప్ప ఇంకే ఆధారమూ లేదు.

మంగళవారం ఉదయం ఆరుంబావుకు బెజవాడ బస్టాండులో జగ్గయ్యపేట ఆర్డినరీ ఎక్కాను. కిటికీ సీటు దొరికింది. చుట్టచుట్టిన గుడ్డ బొమ్మ నిలువుగా పట్టుకున్నాను. పక్కనున్న రైతు దాన్ని చాలాసేపు చూసి, "ఏ పార్టీ బ్యానరండీ?" అన్నాడు.

"పార్టీ కాదు. పిల్లలకు వచ్చే క్యాన్సర్ గురించి."

"పిల్లలకా! పిల్లలు చుట్టలు కాల్చరు గదండీ?"

ఈ ప్రశ్న రెండు రోజుల్లో నన్ను పదకొండుమంది అడిగారు. ఆయన మొదటివాడు. కంచికచర్లలో బస్సు పది నిమిషాలు ఆగితే దిగి రెండు ఇడ్లీ, ఒక కాఫీ తీసుకున్నాను. ఇడ్లీ మెత్తగా ఉంది. చట్నీలో కారం ఆ ప్రాంతపు మిరప పంట ఎలా ఉందో చెప్పకనే చెప్పింది. కీసర దగ్గర మున్నేరు దాటి ఎనిమిదిన్నరకు నందిగామ చేరాను.

సభ గ్రంథాలయంలో పది గంటలకు. ముందు వరసలో, ఎప్పటిలాగే, శేషాచార్యులు గారు కూర్చుని ఉన్నారు. రిటైరైన తెలుగు పండితుడు. ఈ తాలూకాలో నేను ఎక్కడ మాట్లాడినా వచ్చి, నా ఉపన్యాసం అయ్యాక లేచి, అరగంట ఖండించి వెళ్లడం ఆయన నియమం. పన్నెండేళ్లుగా జరుగుతోంది. ఆయన లేకపోతే నాకూ ఉపన్యాసం సాగదు.

యాభై నిమిషాలు మాట్లాడాను. అందులో నలభై నిమిషాలు పసరు వైద్యులను, తాయెత్తులు కట్టేవాళ్లను, సోది చెప్పేవాళ్లను చీల్చి చెండాడాను. తల రెండుసార్లు విసిరాను. గుర్తులు చెప్పడానికి పది నిమిషాలు మిగిలాయి. సుభద్ర చెప్పిన మాట నాకు గుర్తుంది. నోటికే గుర్తు లేదు.

ఒకాయన లేచి, "ఆ జబ్బు ఎందుకొస్తుందండీ పిల్లలకు? తల్లిదండ్రులు చేసిన తప్పేమన్నా ఉందా?" అన్నాడు.

"ఏ తప్పూ లేదు. ఎవరూ ఏమీ చేయలేదు. చాలావరకు ఎందుకొస్తుందో డాక్టర్లకే తెలియదు. నాకూ తెలియదు."

హాలంతా చప్పట్లు. నా నోట 'తెలియదు' అన్న మాట నందిగామ వినడం అదే మొదలు.

శేషాచార్యులు గారు లేచారు. "నేను ఖండిస్తున్నాను" అన్నారు అలవాటు ప్రకారం. తర్వాత ఆగారు. కండువా సర్దుకున్నారు. దేన్ని ఖండించాలా అని వెతుక్కుంటున్నట్టు బొమ్మలోని గులాబి బుగ్గల పిల్లవాడి వైపు చూశారు. "రావుగారు గంటలో ముప్పాతిక భాగం తిట్లకు వాడారు. ఆ పిల్లవాడి ఒంటిమీద గుర్తులేమిటో నాకు ఒక్కటీ గుర్తు లేదు. అవి మళ్లీ చెప్పమని నా ఖండన."

పన్నెండేళ్లలో జవాబు దొరకని ఖండన అది. మళ్లీ చెప్పాను, నెమ్మదిగా, ఒక్కొక్కటీ. వారాల తరబడి వదలని జ్వరం. తెల్లగా పాలిపోవడం. ఊరికే కమిలే మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం. రాత్రిళ్లు ఏడిపించే ఎముకల నొప్పి. మెడలోనో పొట్టలోనో గడ్డ. కంటిపాపలో తెల్లటి మెరుపు. ఈసారి ఇద్దరు ముగ్గురు రాసుకున్నారు.

బస్టాండు పక్కన మెస్సులో భోజనం చేసి ఒంటిగంటన్నరకు జగ్గయ్యపేట బస్సెక్కితే శేషాచార్యులు గారు అప్పటికే ముందు సీటులో ఉన్నారు.

"మీరెక్కడికండీ?"

"మీ సాయంత్రం సభకి. ఖండించాలి గదా."

చిల్లకల్లు దగ్గర పెద్దరోడ్డు వదిలి మూడింటికి జగ్గయ్యపేటలో దిగాం. చిట్టి తండ్రి ఆంజనేయులు ఒక మిరప వ్యాపారి దగ్గర కాటా వేసే గుమస్తా. ఇల్లు కనుక్కోవడానికి ముక్కు చాలు. అరుగు మీద మిరపకాయల రాశి, దాని ముందు కూర్చుని తొడిమలు తీస్తూ ఆయన తల్లి తిరపతమ్మ, పక్కన ఆయన భార్య సుగుణ. అరుగు ఆ చివర, గోడకు ఆనుకుని, జంతిక నములుతూ ఒక పిల్ల. రెండు జడలు, పెద్ద కళ్లు, సున్నం లాంటి మొహం. ఎదురింటి పిల్లలు వీధిలో తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. ఈ పిల్ల చూస్తోంది.

"ఆడుకోవా?" అన్నాను.

"నా దగ్గరికి రారు. నాది అంటుకుంటదంట."

ఎదురింటి గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్లు నిలబడి వింటున్నారు. ఇదే అదనని, వాళ్లకు వినపడేలా, "క్యాన్సర్ అంటువ్యాధి కాదు! ఇదిగో రుజువు!" అని పిల్ల చేతిలోని సగం కొరికిన జంతిక తీసుకుని నోట్లో వేసుకున్నాను.

చిట్టి గుక్కపట్టి ఏడ్చింది. "అమ్మా! ఈ తాత నా జంతిక తినేశాడు!"

"తాత కాదమ్మా, మామయ్య" అంది సుగుణ కంగారుగా, నాకు కుర్చీ వేస్తూ. "రండన్నయ్యగారూ, కూర్చోండి. డాక్టరమ్మ పంపించారా?"

"అవునమ్మా చెల్లెమ్మా" అన్నాను. ఆ మాటకు ఎంత ఖరీదు చెల్లించాలో అప్పటికి తెలియదు.

రెండు కార్డులూ అందాయట. జవాబు ఎందుకు రాయలేదంటే సుగుణ అత్తగారి వైపు చూసింది. నేను ఉపన్యాసం అందుకున్నాను. విజ్ఞానం, మూఢత్వం, పసిప్రాణం. తిరపతమ్మ తొడిమలు తీస్తూనే ఉంది.

"కాబట్టి రేపు ఈ పిల్ల బయలుదేరి తీరాలి!" అని ముగించబోయాను. మిరప ఘాటు ముక్కుకెక్కింది. గట్టిగా తుమ్మాను.

"ఒంటి తుమ్ము" అంది తిరపతమ్మ. "కాసేపు కూర్చోండి. ప్రయాణం మాట అప్పుడే ఎత్తకూడదు."

నేను మళ్లీ మొదలుపెట్టాను. సరిగ్గా 'బయలుదేరి' అన్న మాట దగ్గరే మళ్లీ తుమ్మాను. మూడుసార్లు అలాగే జరిగింది. శేషాచార్యులు గారు మొహం కండువాతో కప్పుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

చివరకు ఆ పెద్దామె చేతిలో కాయ కింద పెట్టింది. "నేను మందు వద్దన్నానా నాయనా? హైదరాబాదు వద్దన్నానా? ఇది కడుపులో పడ్డప్పుడు దీని పుట్టువెంట్రుకలు వేదాద్రి స్వామికి మొక్కుకున్నా. మందేస్తే జుట్టంతా రాలిపోతదని మీ డాక్టరమ్మే చెప్పింది. మందుకు రాలిన జుట్టు చీపురుతో ఊడ్చి తీసుకెళ్లి స్వామికియ్యనా? ఎంగిలి కూడు పెట్టినట్టుండదూ?"

"అయితే వెంటనే ఇచ్చేయండి! వేదాద్రి ఎంత దూరం?"

"మేనమామ ఏడీ? పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర మేనమామే వెయ్యాల."

సుగుణ తల దించుకుంది. "మా అన్నయ్య మధిరలో ఉంటాడండీ. నా పెళ్లిలో వీళ్లు అంచులేని పంచె పెట్టారని అలిగాడు. ఆరేళ్లయింది. నాలుగు ఉత్తరాలు రాశా. మొన్న మనిషిని పంపితే ఇంటికి తాళం వేసుందంట."

రక్తపరీక్షలు, సుభద్ర కార్డులు, హైదరాబాదులో ఎదురుచూస్తున్న మంచం, అన్నీ కలిసి ఆరేళ్ల కిందటి పంచెకు లేని అంచుకు వేలాడుతున్నాయి. కోపం తన్నుకొచ్చింది. తుమ్ము కూడా వచ్చింది.

ఆ సాయంత్రం అయిదున్నరకు మిరప గోదాము ముందు సభ. ఈసారి ఎవరినీ తిట్టలేదు. గొప్ప బుద్ధి వచ్చి కాదు. తుమ్మి తుమ్మి గొంతు పోయింది. బొమ్మ వేలాడదీసి గుర్తులు మాత్రమే చెప్పాను, రెండుసార్లు. జనం కిక్కురుమనకుండా విన్నారు. అయిపోయాక ఒకామె రెండేళ్ల కొడుకును ఎత్తుకుని వచ్చింది. "వీడికి దీపం ముందు కూర్చుంటే ఒక కంట్లో తెల్లగా మెరుస్తదండీ. పిల్లికన్ను, అదృష్టమన్నారు మావాళ్లు." సుభద్ర చిరునామా రాసిచ్చి, రేపే వెళ్లమన్నాను. ఆమె చీటీ మడిచి కొంగున ముడేసుకుంది. శేషాచార్యులు గారు ఖండించడానికి లేచి, ఆ పిల్లవాడిని చూసి, కూర్చున్నారు.

సభకు తిరపతమ్మ కూడా, కోడలినీ పిల్లనూ వెంటబెట్టుకుని, వచ్చిందని అప్పుడు చూశాను. తిరిగి ఇంటికి నడుస్తూ ఆమే మాట కదిపింది.

"వరసకు అన్నయినా సరిపోద్ది మేనమామకి. మధ్యాహ్నం మా కోడలు నిన్ను అన్నయ్యా అంది. నువ్వు చెల్లెమ్మా అన్నావు. ఇందాక మైకులో ఊరందరినీ సోదరీమణులారా అన్నావు. ఇంతమందికి అన్నవైతివి, దీనికి కాలేవా?"

ఇరవై ఏళ్లుగా పుట్టువెంట్రుకల మీద నేను రాసిన వ్యాసాలు కళ్లముందు తిరిగాయి. వాటిలో ఒకదానికి చాలా పేరొచ్చింది. నోరు తెరిచాను. చిట్టి తల్లి చంకన, ఆమె భుజం మీద ఒరిగి నిద్రపోతోంది. "సరే, ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను" అన్నాను.

ఇంటికొచ్చాక జేబులో సుభద్ర కాగితం తీసి జాగ్రత్తలు పైకి చదువుతూ నాలుగోది దగ్గరకు వచ్చాను. 'కత్తి, బ్లేడు ఒంటికి తగలనివ్వవద్దు. చిన్న గాటు పడినా రక్తం ఆగదు.'

"కత్తి లేకుండా గుండు ఎట్లాగయ్యా?" అంది తిరపతమ్మ. ఆమె మొహంలో మొదటిసారి భయం కనిపించింది. ఆమె కూడా ఆ పిల్ల కోసమే పోరాడుతోందని అప్పుడు అర్థమైంది.

భయపడ్డవాళ్లను ఓదార్చడం నాకు రాదు. వాదించడం వచ్చు. అవతలివాళ్ల ఆచారంతోనే అవతలివాళ్లను ఓడించడం మా సంస్కరణ సభల్లో నేర్చుకున్న విద్య. నడుం కట్టాను.

"ఆడవాళ్లు మూడు కత్తెర్లు ఇచ్చి రావడం లేదా? అది మొక్కు కాదా?"

"అవునుగానీ, నేను మొక్కింది గుండు."

"మంచిది. ఇంటాయన మంచాన పడితే ఆయన మొక్కు కొడుకు వెళ్లి తీర్చడం లేదా? ఒకరి బదులు ఇంకొకరు ఇచ్చే పద్ధతి మీలో ఉందా, లేదా?"

"ఉంది."

"ఆచార్యులుగారూ, మీరేమంటారు?"

"నిస్సందేహంగా ఉంది. ప్రతినిధి చేస్తే తాను చేసినట్టే" అన్నారాయన. పన్నెండేళ్లలో మేమిద్దరం ఒకేవైపు నిలబడటం అదే మొదటిసారి. ఆ ఉత్సాహంలో నేను హద్దు దాటాను.

"అయితే విను పెద్దమ్మా. పిల్లకు కత్తెరతో మూడు కత్తిరింపులు. గుండు మాత్రం పిల్లకు దగ్గరివాళ్లెవరైనా ఇస్తారు. మొక్కు పూర్తిగా చెల్లుతుంది. కాదనగలవా?"

తల వెనక్కి విసిరాను. జుట్టు ఎగిరి తన చోట పడింది. నా మనసులో ఉన్నది ఆంజనేయులు. అప్పుడే ఆయన పని నుంచి వచ్చి, గుమ్మంలో తలపాగా విప్పి దులుపుతున్నాడు. లైటు వెలుతురు ఆయన నెత్తిమీద తళతళలాడింది. చెవుల పక్కన నాలుగు వెంట్రుకలు తప్ప ఏమీ లేదు.

తిరపతమ్మ కొడుకు తల చూసింది. తర్వాత నా తల చూసింది. "కాదనను నాయనా. బ్రహ్మాండంగా చెప్పావు. దగ్గరివాళ్లంటే మేనమామ కంటే దగ్గర ఇంకెవరుంటారు?"

శేషాచార్యులు గారు నా వైపు వంగి మెల్లగా అడిగారు: "ఖండించదలచుకున్నారా?"

బస్టాండు ఎదురుగా లాడ్జిలో ఒక్క గదే ఖాళీగా ఉంటే ఇద్దరం సర్దుకున్నాం. అద్దం ముందు నేను చాలాసేపు తల దువ్వుకున్నాను. ఆయన చూసీ చూడనట్టు పడుకున్నారు.

బుధవారం ఆరున్నరకు వేదాద్రి బస్సు. అరగంట పైన పట్టింది. చిట్టి నా ఒళ్లోనే కూర్చుంది. జంతిక గొడవ మర్చిపోయినట్టుంది, లేదా తన సంచీ నాకు అందకుండా అవతల పెట్టింది కాబట్టి ధైర్యంగా ఉంది. కృష్ణ ఒడ్డున చల్లగా ఉంది. జనం పెద్దగా లేరు. తలనీలాలు తీసే క్షురకుడు సుబ్బారాయుడు రాయి మీద కత్తి నూరుతూ, "పిల్లకేనా?" అన్నాడు.

"పిల్లకు కత్తెర మాత్రమే. కత్తి నాకు" అన్నాను.

అతను నా జుట్టు వైపు చూసి జాలిపడ్డాడు. ఆ జాలి నాకు నచ్చింది.

పీట మీద కూర్చుని చిట్టిని ఒళ్లో పెట్టుకున్నాను. ఒళ్లు కాలుతోంది. బరువే లేదు. సుగుణ రెండు జడలూ విప్పింది. కత్తెర నా చేతికిచ్చారు. చెవి పక్కన ఒకటి, ఈ పక్కన ఒకటి, నడినెత్తిన ఒకటి. చర్మానికి అంగుళం దూరంలో కత్తిరించాను. తిరపతమ్మ ఆ మూడు కుచ్చులూ ఆకులో పెట్టుకుని కళ్లకద్దుకుంది.

తర్వాత నా వంతు. పిల్లను ఒళ్లోంచి దించబోతే దిగనంది. "మొదటిసారా అండీ?" అన్నాడు సుబ్బారాయుడు నెత్తిన నీళ్లు కొడుతూ.

"జుట్టుకి ప్రాణం ఉండదయ్యా. అది నిర్జీవ పదార్థం."

"అందరూ కత్తి పడేదాకా అట్లాగే అంటారండీ."

చిట్టి తలెత్తి చూస్తోంది. "మామయ్యా, నొప్పా?"

"అసలు ఉండదమ్మా. శాస్త్రీయంగా చెప్పాలంటే... అబ్బా!"

చిట్టి నవ్వింది. చిన్నగా మొదలై, పొట్ట పట్టుకుని నవ్వింది. నా జుట్టు అలలు అలలుగా దాని ఒళ్లో పడుతుంటే రెండు చేతులతో ఎగరేసింది. సుగుణ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. నెల రోజుల్లో పిల్ల నవ్వడం అదేనట.

నేను అభ్యంతరం చెప్పేలోగా తిరపతమ్మ గంధం తెచ్చి నెత్తినంతా పూసింది. చల్లగా ఉంది, ఇది నేను స్వయంగా పరీక్షించి చెబుతున్న మాట. వాళ్లందరూ గుడిలోకి వెళ్లారు. నేను బయట చెప్పుల దగ్గర కూర్చున్నాను. వచ్చేవాళ్లు నా గుండు చూసి తమ చెప్పులు కూడా నమ్మకంగా నా దగ్గర వదిలారు. శేషాచార్యులు గారు పులిహోర పొట్లంతో బయటికొచ్చారు. "బియ్యం, చింతపండు, పసుపు. ఖండించదగినదేమీ లేదు, తినండి."

తిన్నాను. బాగుంది.

పదకొండింటికి జగ్గయ్యపేట, అక్కడ సామాను తీసుకుని ఒంటిగంటకు చిల్లకల్లు. ఒంటిగంటన్నరకు రావాల్సిన హైదరాబాదు ఎక్స్‌ప్రెస్ రెండుంపావుకు వచ్చింది. కిక్కిరిసి ఉంది. "సీట్లు లేవు" అన్నాడు కండక్టరు. జబ్బు పిల్లకు సీటు ఇవ్వడం సమాజ ధర్మమని అయిదు నిమిషాల ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. పిల్లను ఎత్తుకుని మెట్టెక్కానో లేదో, వెనక నుంచి ఎవరో, "మొక్కు తీర్చుకొస్తున్నారయ్యా, గంధం కూడా ఆరలేదు, జరగండి" అన్నారు. మూడు సీట్లు ఖాళీ అయ్యాయి. నోరు తెరిచే అవసరమే రాలేదు.

చిట్టి, సుగుణ, ఆంజనేయులు కూర్చున్నారు. హైదరాబాదు డాక్టరుకు ఇమ్మని సుభద్ర రాసిచ్చిన ఉత్తరం సుగుణ చేతికిచ్చాను. చిట్టి తన చెయ్యి నా గుండు మీద వేసి అటూ ఇటూ రుద్దింది.

"నాది కూడా మొత్తం ఊడిపోతదంట, మామయ్యా."

"ఊడితే మళ్లీ వస్తుంది."

"ఎవరికి ముందొస్తది? నీకా, నాకా?"

"పందెం వేసుకుందాం. ఓడినవాళ్లు జంతికలు పెట్టాలి."

"గిన్నెడు" అంది చిట్టి ఖచ్చితంగా.

కండక్టరు విజిలేశాడు. నేను దిగాను. బస్సు మలుపు తిరిగేదాకా తిరపతమ్మ నిలబడి, తర్వాత నా వైపు తిరిగి నా గుండు మీద ఆరిపోయిన గంధాన్ని కొంగుతో దులిపింది.

మూడింటికి బెజవాడ బస్సు. ఎక్కగానే ముందు సీటు పెద్దమనిషి, "వేదాద్రా, తిరపతా?" అన్నాడు. కండక్టరు టిక్కెట్టు కొడుతూ, "మాకూ ప్రసాదం పెట్టండి స్వామీ" అన్నాడు. పెట్టాను, పులిహోర మిగిలింది. వెనక సీట్లో నిన్నటి తల్లి, ఒళ్లో ఆ రెండేళ్ల కొడుకు. కొంగున చీటీ అలాగే ఉంది. ఆమె నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

నందిగామలో శేషాచార్యులు గారు దిగుతూ ఆగారు. "వచ్చే నెల దేవుడి మీద సభ ఉందా?"

"ఉంది."

"వస్తాను. ఖండిస్తాను. ఈలోగా జుట్టు రానివ్వండి. ఈ తలతో ఉండగా మిమ్మల్ని ఓడిస్తే నాకు తృప్తి ఉండదు."

ఈ దారిన ఇలాంటి పని మీద వెళ్లేవారికి రెండు మాటలు. హైదరాబాదు బస్సు చిల్లకల్లులో పట్టుకోవాలి, గంట ముందే వెళ్లి నిలబడాలి. పిల్లకు కాచి చల్లార్చిన నీళ్లు, గొడుగు వెంట ఉంచుకోవాలి. గుర్తులు చెప్పడానికి పది నిమిషాలు చాలు, తిట్టడానికి ఎంత టైమైనా చాలదు. నా అభిప్రాయాల్లో ఒక్కటీ మారలేదు. ఆ మొక్కు వల్ల చిట్టికి జబ్బు తగ్గదు. కానీ ఆ మొక్కు దారికి అడ్డంగా ఉంది, దాన్ని తిట్టి పక్కకు జరపడం నా వల్ల కాలేదు. పందెం సంగతి అంటారా, నాకు తెలిసిన శాస్త్రం ప్రకారం నేనే గెలుస్తాను. బస్సు కంచికచర్ల దాటేదాకా గిన్నెడు జంతికలు ఎక్కడ చేయించాలా అనే ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఆరుగంటలకు సుభద్ర ఆసుపత్రికి వెళ్లాను. ఆమె ఒక పసివాడి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి వింటోంది. అడుగుల చప్పుడుకు నేనని గుర్తుపట్టి, తలెత్తకుండానే అడిగింది:

"చిట్టి బస్సెక్కిందా?"

"ఎక్కింది. ఇంకొక పిల్లవాడు బయట బెంచీ మీద ఉన్నాడు. ఒక కంట్లో తెల్లటి మెరుపు."

ఆమె స్టెతస్కోపు తీసి, పసివాడిని తల్లికి అందించి, నా పక్కనుంచే గబగబా బయటికి వెళ్లింది. టార్చి పెట్టి ఆ పిల్లవాడి కన్ను చూసింది. తల్లితో మెల్లగా చాలాసేపు మాట్లాడింది. ఎవరికో ఫోను చేసింది. తిరిగొచ్చి చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ నా వైపు చూసి, అలాగే ఆగిపోయింది.

"ఏమిటయ్యా ఇది?"

"వాదంలో గెలిచాను" అన్నాను.